అనంతపురం నుంచి అండమాన్‌కి ఒక్కరే పోయి, సముద్రంలో తేలి రావడం ఎట్లా

మనది ఎట్లాంటి జిల్లానో తెల్సు కదప్పా, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. నేను ఈత నేర్చుకున్నది నడుముకి బెండ్లు కట్టుకొని తోట బావిలో, ఆ బావి ఎండిపోయి కూడా చానా ఏళ్ళైంది. అట్లాంటోడ్ని అండమాన్‌కి రెండుసార్లు ఒక్కడ్నే పోయొచ్చినా, ఎట్లా పోయినావని అడిగేవాళ్ళకి ప్రతిసారీ చెప్పలేక ఇది రాస్తున్నా. ఇంట్లో మాత్రం "ఒక్కడివే యాడికిరా, ఏమన్నా గొడవైందా" అని కచ్చితంగా అడుగుతారు, దానికి జవాబు నా దగ్గర కూడా లేదు.

లక్షద్వీప్ కూడా బాగుంటుంది గానీ దానికి పర్మిట్ కావాల, అండమాన్‌లో మామూలుగా తిరిగే దీవులకి మనవాళ్ళకి ఆధార్ చాలు. బెంగుళూరు ఎయిర్‌పోర్టు మనకి ఊరికి ఇవతలే, దేవనహళ్ళి పక్కన, 44 నంబర్ హైవే మీద మూడు గంటల్లో పోతాం, సిటీ ట్రాఫిక్కే తగల్దు. కర్నూలోళ్ళకి హైదరాబాద్, కడపోళ్ళకి చెన్నై దగ్గర. నవంబర్ నుంచి ఏప్రిల్ లోపు పోండి, మే తర్వాత వానలు, సముద్రం కలకబారిపోయి నీళ్ళల్లో ఏమీ కనపడదు. బుకింగ్‌లో పేర్లు చూసి కంగారు పడొద్దు, హేవ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని మార్చినారు, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. అక్కడ జనం ఇంకా పాత పేర్లే అంటారు.

ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు. ఐదు రోజుల్లో పన్నెండు పాయింట్లు చూపిస్తామంటారు, అది రెస్ట్ కాదు తిరపతి క్యూలో నిలబడినట్టు ఉంటుంది. నా లెక్క ఏందంటే ఆరు రాత్రులు, మొదటిదీ ఆఖరిదీ పోర్ట్ బ్లెయిర్‌లో, మధ్యలో నాలుగూ హేవ్‌లాక్‌లోనో నీల్‌లోనో, అంతే. ఫెర్రీలు గవర్నమెంటువీ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి, ప్రైవేటుది గంటన్నరలో హేవ్‌లాక్ చేరుస్తుంది, టికెట్ ముందే చేసుకోండి, కడుపులో తిప్పే అలవాటుంటే ఎక్కేముందే మాత్ర వేసుకోండి. ఇంకోటి, గడియారం మనదే గానీ ఆ దీవులు చానా తూర్పున ఉన్నాయి కాబట్టి సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, మనం టీ తాగే టైముకి అక్కడ రోజు అయిపోతుంది. కాబట్టి పొద్దున్నే లేయాల, తప్పదు.

ఇప్పుడు అసలు విషయం. స్నార్కెలింగ్ అంటే కళ్ళకి మాస్క్, నోట్లో గాలి పైపు పెట్టుకొని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ కింద ఉండేవి చూడ్డం. దానికి ఈత కంటే ఊపిరి ముఖ్యం. లైఫ్ జాకెట్ ఇస్తారు, ఉప్పునీళ్ళు బావి నీళ్ళకంటే బాగా తేలుస్తాయి, మునగడమే కష్టం. భయమంతా ముఖం నీళ్ళల్లో పెట్టి నోటితో గాలి పీల్చేటప్పుడు వస్తుంది, అది ఇంట్లోనే పోగొట్టుకోవచ్చు. మంచి మాస్క్, పైపు కొనుక్కొని పెద్ద బకెట్లో నీళ్ళు పోసి ముఖం పెట్టి రోజూ ఐదు నిమిషాలు నిదానంగా పీల్చండి, మా అమ్మ చూసి పిచ్చి పట్టిందనుకునింది. మాస్క్ కొనేటప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి, చేయి తీసినా ముఖానికే అతుక్కొని ఉంటే అది మీ సైజు. ఫస్ట్ ట్రిప్పులో నా మాస్కులోకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి, రెండు గుక్కలు ఉప్పునీళ్ళు తాగి దగ్గి దగ్గి బయటికొచ్చేసినా, తప్పంతా నా మీసానిది. సీమోడు మీసం తీయలేడు కదా, మీసం మీద కొంచెం వాజ్‌లైన్ రాసుకుంటే సరిపోయింది. అద్దం మసకేస్తే లోపల ఉమ్మి పూసి కడగండి, అసహ్యంగా ఉన్నా అందరూ చేసేది అదే. పైపులోకి నీళ్ళొస్తే తల పైకెత్తాల్సిన పని లేదు, ఫూ అని గట్టిగా ఒక్కసారి ఊదితే పైనుంచి పోతాయి.

హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి జెట్టీ నుంచి బోట్లు పోతాయి, ఫస్ట్ బోటే ఎక్కండి, పొద్దున జనం తక్కువ, నీళ్ళు కూడా తేటగా ఉంటాయి. నీల్‌లో భరత్‌పూర్ బీచ్ ఉంది, అక్కడ ఆటు పోటు టైము హోటల్లో అడిగి నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు దిగండి. ట్రిప్పు ఒక్కరే పోండి గానీ నీళ్ళల్లోకి మాత్రం ఒక్కరే దిగొద్దు, గైడో ఇంకెవరో పక్కన ఉండాల. ఆ దీవుల్లో మొసళ్ళు ఉన్నాయి, బోర్డు పెట్టిన చోట దిగనేవద్దు.

దిగినాక ఏం చేయాలంటే ఏమీ చేయొద్దు. బోర్లా తేలండి, నిదానంగా పీల్చండి, కాళ్ళు కొట్టుకుంటే చేపలు పారిపోతాయి. కదలకుండా ఉంటే కాసేపటికి అవే దగ్గరికొస్తాయి, చిలకముక్కు లాంటి నోరుండే చేప ఒకటి కోరల్‌ని, అంటే పగడపు దిబ్బని, కరకర కొరుకుతుంటుంది, ఆ చప్పుడు నీళ్ళల్లో మనకి వినపడుతుంది. అది తిని వదిలిందే అక్కడి తెల్ల ఇసకలో కొంత, నమ్మబుద్ధి కాలేదు నాకు. కోరల్ మీద కాలు పెట్టొద్దు, చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ ప్రాణముండేది, బండలాంటి రకాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. 2010లో సముద్రం వేడెక్కి అక్కడ చానా కోరల్ తెల్లగా పాలిపోయింది, అందుకే కొన్ని చోట్ల బూడిద రంగులో ఉంటుంది, డబ్బులు దండగ అయినాయనుకోవద్దు, కొంచెం పక్కకి పోయి చూడండి.

అనంతపురం ఎండలో పుట్టినోళ్ళం మాకేంది అని షర్టు లేకుండా తేలినా, రెండు రోజులు వెల్లకిలా పడుకోలేకపోయినా. నీళ్ళల్లో చల్లగా ఉంటుంది కాబట్టి వీపు కాలేది తెలీదు, ఫుల్ చేతుల టీషర్టు వేసుకోండి, సన్‌స్క్రీన్ కంటే అదే నయం, కోరల్‌కి కూడా మంచిది.

తిండికి చేపలు తినేవాళ్ళకి పండగే, లేకపోతే చెనక్కాయ పొడి ఒక డబ్బా పెట్టుకోండి, వేడన్నం యాడైనా దొరుకుతుంది. తెలుగోళ్ళు చానామంది ఉన్నారక్కడ, ఎక్కువ శ్రీకాకుళం, వైజాగ్ వైపు నుంచి పోయినోళ్ళు. నేను "యాడికప్పా" అంటే ఆటో ఆయన ముందు నవ్వి, తర్వాత ఏ హోటల్లో అన్నం బాగుంటుందో చెప్పినాడు.

రిటర్న్‌లో ఫ్లైట్ రోజే ఫెర్రీ పెట్టుకోవద్దు, గాలి ఎక్కువైతే ఫెర్రీ క్యాన్సిల్ చేస్తారు, ముందు రోజే పోర్ట్ బ్లెయిర్ చేరండి. బీచ్‌లో ఏరిన గవ్వలు, కోరల్ ముక్కలు బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, కోరల్ అయితే వైల్డ్‌లైఫ్ చట్టం కిందకే వస్తుంది. ఇంట్లో శంఖం తెమ్మన్నారంటే లైసెన్సున్న షాపులో బిల్లుతో కొని, ఆ బిల్లు పర్సులో పెట్టుకోండి.