తెలుగు లింకు కింద గీతను తీసేయకండి, కిందికి దించండి

తెలుగు సైట్లలో లింకుల కింద గీత బాగుండదని చాలామంది దాన్ని తీసేసి రంగు ఒక్కటే ఉంచుతారు. ఇబ్బంది నిజమే. బ్రౌజర్ గీతను మామూలుగా అక్షరాలకు తగలకుండా ఆపి ఆపి గీస్తుంది కాబట్టి, 'రాష్ట్రం', 'శాస్త్రం' లాంటి మాటల్లో వత్తులు వచ్చిన ప్రతిచోటా అది ముక్కలైపోతుంది. అయినా తీసేయకండి. రంగుల తేడా సరిగా తెలియనివాళ్లకు, ఎండలో ఫోన్ చూసేవాళ్లకు అక్కడ లింకు ఉందని చెప్పేది ఆ గీతే.

పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ వాడి గీతను దించండి. 0.3 ఈఎమ్‌తో (అంటే ఫాంటు సైజులో 0.3 వంతుతో) మొదలుపెట్టి, వత్తుల కిందికి దిగేదాకా కొంచెం కొంచెంగా పెంచండి. ఫాంటును బట్టి ఇది మారుతుంది, అందుకే 'రాష్ట్రం' అని రాసి చూడటం మంచిది. మందం 1 పిక్సెల్ చాలు. గీత రంగు కాస్త లేతగా ఉంటే పేజీ ఇంకా హాయిగా కనిపిస్తుంది. లైన్-హైట్ (వరుసల మధ్య దూరం) కూడా పెంచాలి, లేకపోతే గీత కింది వరుసలోని గుడులకు తగులుతుంది.

మెనూలో మాత్రం గీత అక్కర్లేదు, అవి లింకులని అందరికీ తెలుసు. పేరాల మధ్యలో రంగు ఒక్కదాన్నే నమ్ముకోక తప్పకపోతే, లింకుకూ చుట్టూ ఉన్న అక్షరాలకూ కాంట్రాస్ట్ (రంగుల వెలుగులో తేడా) కనీసం 3:1, లింకుకూ బ్యాక్‌గ్రౌండ్‌కూ 4.5:1 ఉండేలా చూడండి.