నాన్నగారి వాచీకి కొత్త బెల్టు

కోనసీమ ఉక్కపోతకు తోలు బెల్టు ఎక్కువ కాలం ఆగదు. నాన్నగారి పాత కీ వాచీ బెల్టు చెమటకు నాని, బకిల్ దగ్గర తెగింది. దీని కోసం అమలాపురం దాకా వెళ్లడానికి బద్ధకించి నేనే మార్చాను.

ముందు వాచీ కొమ్ముల (బెల్టు తగిలించడానికి పొడుచుకు వచ్చిన భాగాల) మధ్య ఖాళీని స్కేలుతో కొలిచాను: 18 మిల్లీమీటర్లు. ఈ కొలత తప్పయితే అంతా వృథా. బెల్టును పట్టి ఉంచేది రెండు కొసల్లోనూ స్ప్రింగు ఉండే సన్నటి పిన్ను. వాచీని బోర్లించి, సన్న స్క్రూడ్రైవర్ మొనతో పిన్ను కొసను లోపలికి నొక్కి బయటకు లాగాలి. ఒకటి ఇట్టే వచ్చింది. రెండోది తుప్పు పట్టి కదలనంది. చుక్క కుట్టుమిషను నూనె వేసి, కాఫీ తాగి వచ్చి నొక్కితే టప్పున ఎగిరి మంచం కిందికి పోయింది. అరగంట టార్చి వేసి వెతికాను. (కింద తువ్వాలు పరుచుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు.) దొరికినా దాన్ని పారేసి కొత్త పిన్నే వేశాను.

ఈసారి నైలాన్ బెల్టు తెచ్చాను, తడిసినా త్వరగా ఆరుతుందని. బకిల్ ఉన్న ముక్క 12 అంకె వైపు రావాలి. నేను తిరగేసి బిగించాను. నాన్నగారు చూసి నవ్వాక మళ్లీ ఊడదీశాను. పిన్ను గుంటలో కూర్చున్నప్పుడు చిన్నగా టిక్కుమంటుంది. అయినా రెండు వైపులా గట్టిగా లాగి చూశాకే ఆయన చేతికి ఇచ్చాను.