ప్లాస్మా అయాన్ల కొలత – 4వ పాఠం: ఆసిలోస్కోప్ గీతను చదవడం

మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పడం చాలామందికి చిన్ననాటి సరదా. లేజర్ ఒక లక్ష్యాన్ని తాకగానే ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) పుట్టి, అందులోంచి కిరణాలు, అయాన్లు (ఆవేశమున్న పరమాణువులు) ఎగిరొస్తాయి. డిటెక్టర్‌కు తగిలినవాటిని ఆసిలోస్కోప్ కాలంతో మారే గీతగా చూపిస్తుంది. ఈరోజు చేసేదీ ఆ ఉరుము లెక్కే, కాకపోతే తిరగేసి: దూరం ముందే తెలుసు, అయాన్ల వేగం కనుక్కోవాలి. ఉరుము లెక్కలో మెరుపు మనదాకా రావడానికి పట్టే కాలాన్ని వదిలేస్తాం. ఇక్కడ అలా వదిలేస్తే దెబ్బతింటాం.

పోయిన పాఠంలో సిలికాన్ కార్బైడ్ డిటెక్టర్‌ను ఎంచుకున్నాం. దాని శక్తి అంతరం (లోపలి ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి) 3.26 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌కు 1.12. అందుకే ప్లాస్మా వెదజల్లే మామూలు వెలుతురును అది దాదాపు పట్టించుకోదు. ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు మాత్రం గీత మీద పదునైన శిఖరం లేస్తుంది. కొత్తవాళ్లు ఈ కాంతి శిఖరాన్ని చికాకుగా చూస్తారు గాని, మన గడియారం అదే.

ప్రాగ్‌లోని పాల్స్ ప్రయోగశాలలో అయొడిన్ లేజర్ స్పందన (ఒక్కసారి వెలిగే కాంతి తునక) నిడివి సుమారు 300 పికోసెకన్లే, అంటే 0.3 నానోసెకను (నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు). కాబట్టి అయాన్లు, కిరణాలు ఒకేసారి బయల్దేరాయని అనుకోవచ్చు. అలాంటి చోట డిటెక్టర్‌ను 1.5 మీటర్ల దూరంలో పెట్టామనుకోండి. అభ్యాసానికి నేను వేసుకున్న అంకెలు ఇవి: కాంతి శిఖరం 42వ నానోసెకను దగ్గర, అయాన్ల గుబ్బ మొదలయ్యేది 145 దగ్గర.

తేడా 103. ఇక్కడే ఆగిపోవద్దు. కాంతి కూడా ఆ 1.5 మీటర్లు నడిచే వచ్చింది, అందుకు 5 నానోసెకన్లు పట్టింది. అంటే లేజర్ తాకింది 37 దగ్గర, అయాన్ ప్రయాణ కాలం 108. వేగం సెకనుకు 1.39 కోట్ల మీటర్లు. ప్రోటాన్ ద్రవ్యరాశిని ½mv² లో వేస్తే శక్తి సుమారు 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు. ఆ 5 మరిచిపోతే 1.1 వస్తుంది. కాలంలో జరిగిన తప్పు శక్తిలో రెట్టింపవుతుంది మరి.

డిటెక్టర్‌ను ఇంకా దూరం జరిపినా ఈ తప్పు శాతం తగ్గదు, కాంతి ప్రయాణ కాలం కూడా అంతే పెరుగుతుంది. గీత మీద కాలాన్ని చదవడంలో వచ్చే తప్పు ప్రభావం మాత్రం తగ్గుతుంది. కాని దూరం రెట్టింపైతే డిటెక్టర్‌కు అందే అయాన్లు నాలుగో వంతుకు పడిపోతాయి. సంకేతం బలంగా ఉన్నంతవరకు దూరం పెంచడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో చిక్కుంది. ప్రయాణ కాలం చెప్పేది వేగమే, అది ఏ అయానో చెప్పదు. అదే వేగంతో వచ్చిన కర్బన అయాన్ అయితే శక్తి 12 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు! డిటెక్టర్ ముందు పలుచని అల్యూమినియం రేకు పెట్టి చూడండి. ఒకే వేగంతో వచ్చినా కర్బనం ప్రోటానంత లోతుకు చొచ్చుకుపోలేదు. మందం సరిగ్గా కుదిరితే కర్బనం రేకులోనే ఆగిపోతుంది. ప్రోటాన్ కొంత శక్తి పోగొట్టుకొని దాటుతుంది. రేకు డిటెక్టర్‌కు ఆనుకొని ఉంటే కాలం దాదాపు మారదు, శిఖరం ఎత్తు మారుతుంది.

అభ్యాసం: పై గీతలోనే రెండో గుబ్బ 190 దగ్గర మొదలైంది. అది ప్రోటానయితే శక్తి ఎంత, కర్బనమయితే ఎంత? ఆ వేగానికి మందం సరిగ్గా కుదిరిన రేకు పెట్టాక ఆ గుబ్బ పూర్తిగా మాయమైతే ఏ జవాబును కొట్టేస్తారు? జవాబులు 5వ పాఠం మొదట్లో.