టెన్స్ మెషిన్ మనమే వాడుకుందాం – 3వ పాఠం: కరెంట్ ఎంత పెట్టాలి

టెన్స్ అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంట్‌తో నొప్పి తగ్గించే పద్ధతి. పోయిన పాఠంలో ఆ ప్యాడ్లు ఎక్కడ అంటించాలో చూశాం, నొప్పికి అటొకటి ఇటొకటి, రెంటి మధ్య కనీసం ఒక ప్యాడ్ పట్టేంత ఖాళీ ఉండాలి అనుకున్నాం కదా. ఇవాళ అసలు విషయం, కరెంట్. మెషిన్ కొని పక్కన పడేసినవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పిపోతారని నా నమ్మకం.

1వ పాఠం చదవకుండా నేరుగా ఇక్కడికొచ్చినవాళ్లకి మళ్లీ చెప్తున్నా. పేస్‌మేకర్ గానీ గుండెలో షాక్ ఇచ్చే డివైస్ గానీ ఉంటే ఇది ముట్టుకోవద్దు. మూర్ఛ, కాన్సర్, ప్రెగ్నెన్సీ, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్‌ని అడగాలి. మెడ ముందు భాగం, కళ్లు, ఛాతీ, పుండు, స్పర్శ లేని చర్మం, ఈ చోట్ల ప్యాడ్ పెట్టకూడదు. అసలు నొప్పి ఎందుకొస్తుందో తెలియకుండా మెషిన్ మొదలుపెట్టొద్దు.

సరే. మోకాలు ఎక్కడైనా గట్టిగా కొట్టుకుంటే ఏం చేస్తాం, వెంటనే చేత్తో రుద్దేస్తాం, ఎవరూ నేర్పక్కర్లేదు. ఎందుకు తగ్గుతుందంటే స్పర్శని మోసే నరాలు లావుగా ఉంటాయి, నొప్పిని మోసేవి సన్నగా ఉంటాయి, రెండూ వెన్నుపాములోకే వస్తాయి, లావు నరాల నుంచి సిగ్నల్ గట్టిగా వస్తే అక్కడ ఒక గేటు మూసుకున్నట్టయి నొప్పి కబురు మెదడుకి తక్కువగా చేరుతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన గేట్ థియరీ ఇదే. తర్వాత దాంట్లో మార్పులు చాలా వచ్చాయి కానీ మన పనికి ఇంత చాలు. రుద్దడం బదులు ఆ లావు నరాల్ని చిన్న చిన్న కరెంట్ పల్సులతో లేపడమే టెన్స్.

అంటే కరెంట్ మరీ తక్కువైతే ఆ నరాలు సరిగ్గా లేవవు, ఎక్కువైతే నొప్పి నరాలు కూడా లేస్తాయి. మనకి కావాల్సింది మధ్యలో ఉంది.

ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఎన్ని పల్సులో, 80 నుంచి 100 హెర్ట్జ్, పల్స్ విడ్త్, అంటే ఒక్కో పల్స్ ఎంతసేపు ఉంటుందో, 200 మైక్రోసెకన్ల దగ్గర పెట్టి, రెండు ఛానెళ్లుంటే (ఒక్కో ఛానెల్‌కి ఒక జత ప్యాడ్లు) ఒకటే ఆన్ చేసి, సున్నా నుంచి నెమ్మదిగా పెంచండి. మొదట ఏమీ తెలీదు. తర్వాత చీమలు పాకినట్టు సన్నగా ఉంటుంది, అక్కడ ఆగిపోకండి, ఇంకా పెంచితే ప్యాడ్ కింద మొత్తం జివ్వుమని గట్టిగా తెలుస్తుంది కానీ బాధగా ఉండదు, అదే మన పాయింట్. ఇంకొంచెం పెంచితే కండ పట్టేస్తుంది లేదా సూదిలా గుచ్చుతుంది, అప్పుడు ఒక మెట్టు దిగండి. నేను నా నడుం నొప్పికి మూడు వారాలు ఆ చీమల దగ్గరే ఆపేసి ఇది పనికిరాదని తేల్చేశాను, కరెంట్ అంటే భయం మరి. ఒక ఫిజియోథెరపిస్ట్ పక్కన కూర్చుని నా చేతే నాలుగు మెట్లు పెంచించాక, కుర్చీలోంచి లేచేటప్పుడు మొదటిసారి చెయ్యి ఆనించకుండా లేచాను.

ఇంకోటి, ఐదు పది నిమిషాలకి ఆ జివ్వు తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. మెషిన్ పాడవలేదు, నరాలు అలవాటు పడ్డాయి అంతే, ఒక మెట్టు పెంచి మళ్లీ అదే గట్టిదనానికి తెచ్చుకోండి. నా మెషిన్‌లో 12 పెట్టా మీరూ 12 పెట్టండి అని ఎవరన్నా చెప్తే వినకండి, మెషిన్ మారినా, చర్మం ఎండినా, ప్యాడ్ పాతబడినా ఆ నంబర్ మారిపోతుంది. నంబర్ చూడొద్దు, ఒంటికి ఎలా తెలుస్తుందో చూడండి.

కరెంట్ తక్కువే ఉన్నా ప్యాడ్ అంచు దగ్గర ఒకేచోట గుచ్చుతోందా? ఆఫ్ చేసి మూల పట్టుకుని ఎత్తి చూడండి, జెల్ ఎండిపోయి ఆ అంచు లేచి ఉంటుంది, కరెంటంతా మిగిలిన కాస్త చోటులోంచే వెళ్తుంటుంది. జెల్ మీద ఒక చుక్క నీళ్లు వేలితో రాసి రెండు నిమిషాలాగి అంటించండి, అప్పటికీ పట్టకపోతే కొత్తది తీసుకోవడమే. తీశాక చర్మం మీద నలుచదరంగా ఎర్రగా కనిపిస్తే కంగారొద్దు, కాసేపట్లో పోతుంది. పోకుండా దురద పెడితే మాత్రం ఆ ప్యాడ్లు మీకు పడనట్టే, మళ్లీ వాడకండి.

రోజుకి 30 నుంచి 60 నిమిషాలతో మొదలుపెట్టండి, వీలైతే కదులుతూ పని చేసుకుంటూ పెట్టుకోండి, ఎందుకంటే ఇది ఎక్కువగా సాయం చేసేది కదిలేటప్పటి నొప్పికే. డ్రైవింగ్‌లో, నిద్రలో, స్నానంలో వద్దు.

ఇది జబ్బుని నయం చెయ్యదు, నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, అది కూడా అందరికీ కాదు. పరిశోధనల్లో ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి టెన్స్ ఇవ్వొద్దనే చెప్పింది. చాలా ట్రయల్స్‌లో కరెంట్ సరిపడా పెట్టలేదని వాదించే పరిశోధకులూ ఉన్నారు, నాకు ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. అందుకే మీ ఒంటి మీద మీరే లెక్క రాసుకోండి.

ఈ వారం హోంవర్క్ అదే. మీకు నొప్పి తెప్పించే పని ఒకటి ఎంచుకోండి, వంగడమో మెట్లెక్కడమో. మెషిన్ పెట్టకముందు, పెట్టిన 20 నిమిషాలకి, తీసేసిన గంటకి, మూడుసార్లు అదే పని చేసి నొప్పికి 10కి ఎన్ని మార్కులో రాయండి, ఏడు రోజులు. వచ్చే పాఠంలో 2 నుంచి 4 హెర్ట్జ్ పద్ధతి చూద్దాం, కండ టకటకా కొట్టుకునేది, అది ఒంట్లోనే తయారయ్యే, నొప్పి తగ్గించే ఎండార్ఫిన్ల ద్వారా పనిచేస్తుంది. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లకి అది అంతగా పట్టకపోవచ్చు, మందుల పేర్లు కూడా ఆ కాగితం మీదే రాసి ఉంచుకోండి.