తుఫాన్ల సీజన్ రాకముందే రంపం మిషన్ నట్లు చూసుకోండి

మా పర్లాకిమిడి గ్యారేజీల్లో సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజకు మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెడతారు. చెట్లు కోసే మా పెట్రోలు చైన్ రంపం మిషనూ ఆ వరసలోనే ఉంటుంది. బొట్టు పెడతాం, కొబ్బరికాయ కొడతాం. నట్ల జోలికి మాత్రం ఎవరం వెళ్లం. 2018 దాకా నేనూ అంతే.

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. అంటే పూజ అయ్యాక ఒక్కోసారి మనకు పది రోజులు కూడా ఉండవు.

తిత్లీ వెళ్లాక పాతపట్నం రోడ్డుకు అడ్డంగా పడ్డ చింతమాను కోస్తున్నాం. కొమ్మలు లాగుతున్న కుర్రాడు "బావా, సౌండు మారింది" అన్నాడు. పట్టించుకోలేదు. కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన. ఆపి చూస్తే సైలెన్సర్ బోల్టు ఒకటి లేదు, రెండోది వేలితో తిప్పితే తిరుగుతోంది. ఆ సందులోంచి కొట్టిన వేడికి పక్కనున్న కవరు అంచు పాకంలా జారిపోయింది. మిగతా మాను గొడ్డలితోనే కొట్టాం.

ఈ మిషన్ ఫుల్ రేజ్‌లో నిమిషానికి 12,000 చుట్లు పైనే తిరుగుతుంది. అంటే సెకనుకు 200 సార్లు లోపల మంట పేలుతుంది. అంత అదురుకి బోల్టు కింద ఉన్న భాగం వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా చాలు, మర నెమ్మదిగా వదులవుతుంది. ఈ అడ్డం కదలికే నట్టును విప్పుతుందని గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజినీరు 1969లోనే పరీక్ష చేసి చూపించాడు. స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అని ధీమాగా ఉండొద్దు, ఈ రకం అదురుకి అది పెద్దగా ఆగదు.

ముందు మిషన్ చల్లారనిచ్చి, ప్లగ్ క్యాప్ పీకేయండి. చైన్ మీద చెయ్యి వేయాలంటే గ్లౌజు ఉండాల్సిందే. రంపపు పొట్టూ నూనే కలిసి గట్టిపడిన మడ్డిని బ్రష్‌తో దులపండి. దాని కింద దాక్కున్న బోల్టే సాధారణంగా వదులుగా ఉంటుంది.

అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. హ్యాండిల్ బోల్టులు, ముందు పళ్ల పట్టీ, చైన్ తెగితే పట్టుకునే చిన్న కొక్కెం, ఇలా ఇనుప మర లోహంలోకే దిగే చోట నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క చాలు. అది గాలి తగలని చోట, లోహాన్ని తాకితేనే గట్టిపడుతుంది. మర మీద నూనె ఉంటే పట్టదు కాబట్టి థిన్నర్‌తో తుడిచి ఆరబెట్టాలి. వేశాక ఒక రోజు మిషన్‌ను కదపకండి. రాత్రి వేసి పొద్దున్నే కోతకు తీసుకెళ్తే వేయనట్టే. ఎర్ర రంగుది మాత్రం వద్దు. దాన్ని విప్పాలంటే బోల్టును బాగా కాల్చాలి, మన మిషన్‌లో పక్కనే పెట్రోలు ట్యాంకు.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు నీలం కూడా పెట్టకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ పగిలిపోతుంది. వాటికి ఓ చిట్కా ఉంది. స్క్రూ పెట్టి ముందు ఎడమవైపు మెల్లగా తిప్పండి. టక్‌మని పాత గాడిలో కూర్చుంటుంది, అప్పుడు కుడివైపు బిగించండి. ఊరికే తోసి బిగిస్తే కొత్త గాడి కోసుకుని, రెండు మూడుసార్లకే మర అరిగిపోతుంది. ఇంజిన్ బాడీ కూడా మెత్తటి లోహమే. పొడుగు పానా పట్టి బలం చూపిస్తే మర ఊడి చేతికొస్తుంది.

సైలెన్సర్ వేడికి లాక్‌టైట్ నిలవదు, నైలాన్ రింగు నట్టు కరిగిపోతుంది. అక్కడ కంపెనీ ఇచ్చిన లాక్ రేకు ఉంటే దాన్నే వాడాలి. కొత్తగా బిగించాక ఒక ట్యాంకు నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ చూడాలి. నేను నెయిల్ పాలిష్‌తో బోల్టు తల మీంచి బాడీ మీదకి ఒక గీత గీస్తాను. గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగితే బోల్టు తిరిగినట్టే. సైలెన్సర్ మీద గీత మాడిపోతుంది, అక్కడ పానాతోనే చూసుకోవాలి. (నెయిల్ పాలిష్ ఇంట్లో అడిగి తీసుకోండి, లేకపోతే అదో గొడవ.)

చైన్ తిరిగే పొడుగు పట్టీని బార్ అంటాం. దాన్ని పట్టి ఉంచే బార్ నట్లకు ఏ మందూ వద్దు, రోజూ విప్పేవే కదా. బార్ ముక్కు పైకెత్తి పట్టుకుని బిగించండి. కొత్త చైన్ సాగుతుంది కాబట్టి మొదటి నాలుగైదు కోతల తర్వాత ఆపి చూడాలి.

బిగించిన బోల్టే మళ్లీ మళ్లీ వదులవుతుంటే తప్పు దానిది కాకపోవచ్చు. చైన్ మొద్దుబారిందా, ఎడమ పళ్లూ కుడి పళ్లూ సమానంగా ఆకురాయి పట్టారా, అదురు ఆపే రబ్బరు చిరిగిందా చూడండి. చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే అనుమానం అక్కడే.

ఇప్పుడు స్పేర్‌గా రెండు బార్ నట్లు, ఒక సైలెన్సర్ బోల్టు గుడ్డలో మూటకట్టి నూనె డబ్బా పిడికి కట్టేస్తున్నాను. జేబులో వేస్తే బురదలో పడిపోతాయి.