మేడ మీద సోలార్ మెష్ రిపీటర్ పెట్టే ముందు జాగ్రత్తలు

తుఫాను దెబ్బకు మైపాడు, కొత్తపట్నం వైపు సెల్ టవర్లు ఆగిపోయినా పొట్టి మెసేజ్‌లు అందాలంటే ఒక రేడియో నుంచి వచ్చిన మెసేజ్‌ను అందుకుని తర్వాతి రేడియోకి పంపే ఈ రిపీటర్ పెట్టె పనిచేస్తూ ఉండాలి. నిచ్చెన ఎక్కకముందే ఇవి చూసుకోండి.

– యాంటెన్నా బిగించకుండా లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం మెసేజ్ పంపే రేడియో) బోర్డుకు కరెంటు ఇవ్వొద్దు. రేడియో చిప్ కాలిపోవచ్చు.

– సెట్టింగుల్లో రీజియన్ ఇండియా పెట్టండి: 865–867 మెగాహెర్ట్జ్. యాంటెన్నా కూడా ఆ బ్యాండ్‌దే కొనాలి, 433ది పనికిరాదు.

– అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది బ్యాటరీ. మన ఎండలకు మూసిన డబ్బా లోపల బయటికన్నా బాగా ఎక్కువ కాగుతుంది. మామూలు లిథియం అయాన్ సెల్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, నేనైతే అదే పెట్టమంటాను. కానీ దానికి 3.65 వోల్టులే హద్దు. చవగ్గా దొరికే టీపీ4056 ఛార్జర్ 4.2 దాకా ఎక్కిస్తుంది కాబట్టి ఆ రెండూ కలపొద్దు. డబ్బా తెల్లది తీసుకుని, ప్యానెల్ నీడలో కాస్త ఎడంగా బిగించండి.

– ప్యానెల్ దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలు.

– వైరు డబ్బా అడుగు నుంచే లోపలికి వెళ్లాలి, అంతకుముందు కిందికి ఒక వంపు తిరగాలి. లేకపోతే వాన నీళ్లు వైరు వెంట జారి నేరుగా బోర్డు మీదికి చేరతాయి. ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ బోల్టులే వాడండి.

– రిపీటర్ బిగించిన పైపు విరిగి పడినా కరెంటు తీగలకు తగలనంత దూరం ఉండాలి. ఉరుములు వినిపిస్తుంటే మేడ ఎక్కొద్దు.