లినక్స్‌లో ప్యాకేజీలు, నాలుగో పాఠం: ‘అప్‌డేట్’ అన్నచోటల్లా ఒకే పని జరగదు

మూడో పాఠంలో ఒక వాక్యం రాశాను: “ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా ముందు ప్యాకేజీల జాబితాను తాజా చేసుకోండి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చేయండి.” డెబియన్, ఉబుంటు అనే డిస్ట్రోలు (లినక్స్ రకాలు) వాడేవాళ్లకు అది అక్షరాలా సరైన మాట. ఆర్చ్ అనే ఇంకో డిస్ట్రో వాడే పాఠకులు దాన్ని తమ ఆదేశాల్లోకి మార్చుకుని చేసి చూశారు. కొందరికి బ్రౌజర్ తెరుచుకోలేదు. ఇద్దరికైతే ఆర్చ్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్యాక్‌మనే నడవడం మానేసింది. తప్పు వాళ్లది కాదు. ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందో చెప్పకుండా వదిలేసింది నేను. ఈసారి ఫ్లాట్‌ప్యాక్ గురించి చెబుతానన్నాను. దాన్ని చివర్లో రెండు మాటల్లో ముగిస్తాను. ముందు విరిగినదాన్ని బాగుచేసుకుందాం.

ఆదేశాలను పలికే తీరులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ప్యాక్‌మన్ ఆదేశాల్లో ఎస్, ఎఫ్, క్యూ పెద్దక్షరాలు. వై, యు, కె చిన్నక్షరాలు. ఎస్ అంటే ప్యాకేజీ తెచ్చి పెట్టడం, వై అంటే జాబితా తాజా చేయడం, యు అంటే సిస్టమ్ మొత్తం అప్‌గ్రేడ్ చేయడం. అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో ఎక్కడ పెట్టాలో మీకు తెలుసు కాబట్టి ప్రతిసారీ రాయను.

ప్యాక్‌మన్ ఇంకా నడుస్తుంటే మందు ఒక్కటే: ‘ప్యాక్‌మన్ -ఎస్‌వైయు’. మొత్తం సిస్టమ్ ఒకేసారి ముందుకు జరుగుతుంది, లైబ్రరీలూ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) ప్రోగ్రాములూ మళ్లీ ఒక మాట మీదికి వస్తాయి. ప్యాకేజీ సంతకం చెల్లదని మధ్యలో ఆగిపోతే, సంతకాలను సరిచూడటానికి మీ దగ్గరున్న తాళాల గుత్తి పాతబడిందని అర్థం. అప్పుడు మాత్రమే ‘ప్యాక్‌మన్ -ఎస్‌వై ఆర్చ్‌లినక్స్-కీరింగ్’ కొట్టి, వెంటనే, మధ్యలో ఇంకేమీ పెట్టకుండా ‘ప్యాక్‌మన్ -ఎస్‌యు’ కొట్టండి.

ప్యాక్‌మనే లేవకపోతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. మీ రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ డైరెక్టరీలో మౌంట్ చేయండి. బూట్‌కి వేరే పార్టిషన్ ఉంటే దాన్ని కూడా దాని చోట మౌంట్ చేయండి. ఇది మరిచిపోతే కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) తప్పు చోటికి పోయి పడుతుంది, మీరు బాగైందనుకున్న మెషీన్ మళ్లీ లేవదు. ఆ తర్వాత ‘ప్యాక్‌మన్ --సిస్‌రూట్ /ఎంఎన్‌టీ -ఎస్‌వైయు’. ఇక్కడ నడిచేది పెన్‌డ్రైవ్‌లోని ఆరోగ్యంగా ఉన్న ప్యాక్‌మన్, బాగయ్యేది మీ డిస్క్. చాలామంది ఆర్చ్-క్రూట్ అనే ఆదేశంతో డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లారు. లోపలికి వెళ్తే దొరికేది ఆ విరిగిన ప్యాక్‌మనే కదా, అందుకే పని జరగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏం జరిగింది?

ఒక ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీని ఒక పేరుతో వెతుక్కుంటుంది. ఆ పేరు చివర ఒక అంకె ఉంటుంది. గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 రోజుల్లో ఆ పేరు ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1’. 2021లో 3.0 వచ్చాక అది ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3’ అయింది. కొత్త లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాము కొత్త పేరునే అడుగుతుంది, పాతదానితో కట్టినది పాత పేరునే అడుగుతుంది. ఆర్చ్ రిపాజిటరీలో (ప్యాకేజీలుండే సర్వర్ గోదాములో) ఒక ప్యాకేజీకి సాధారణంగా ఒకే వెర్షన్ ఉంటుంది, అదీ సరికొత్తది. రిపాజిటరీ అంతా ఒకేసారి ముందుకు జరుగుతుంది, మీరూ దానితోపాటు జరుగుతారన్నదే దాని ఒప్పందం. మీరు ‘-ఎస్‌వై’ కొట్టి ఒక్క ప్రోగ్రామును తెచ్చుకున్నప్పుడు జాబితా ఈరోజుది, ఆ ప్రోగ్రాము ఈరోజుది, మిగతా సిస్టమ్ మాత్రం నెల కిందటిది. ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కావాలి’ అని ప్యాకేజీలో రాసి ఉంటుంది గానీ ఏ వెర్షనో చాలాసార్లు రాసి ఉండదు. మీ దగ్గర ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉంది కాబట్టి ప్యాక్‌మన్ తృప్తిపడుతుంది. ప్రోగ్రాము నడపబోతే ఫైలు దొరకలేదంటుంది.

దీనికి తిరగబడిన రూపం ఇంకా ప్రమాదం. మీరు తెచ్చిన ప్యాకేజీ వెంట కొత్త లైబ్రరీ వచ్చేస్తే, పాత పేరును అడిగే ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. వాటిలో ప్యాక్‌మన్ కూడా ఉండొచ్చు. ఆ ఇద్దరికీ జరిగింది ఇదే.

ఇక్కడ ఒక్కచోట ఆగాలి. ఈ పరిస్థితిలో కనీసం నలుగురు పాఠకులు చేసిన పని నన్ను నిజంగా కలవరపెట్టింది. ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 లేదు’ అని వస్తే, ఉన్న కొత్త ఫైలుకు పాత పేరుతో ఒక సింబాలిక్ లింకు (వేరే ఫైలును చూపే ఉత్త పేరు) పెట్టేశారు. ఎవరో చెప్పారట. దయచేసి ఈ పని ఎన్నడూ చేయకండి. ఆ అంకె అలంకారానికి పెట్టింది కాదు. లైబ్రరీ లోపల ఫంక్షన్లు మారాయి, డేటా పరిచే తీరు మారింది, పాత ప్రోగ్రాము దీన్ని తాకకూడదు అని లైబ్రరీ రాసినవాళ్లు చేసే ప్రకటన ఆ అంకె. మీరు లింకు పెట్టడమంటే ఆ హెచ్చరిక బోర్డును పీకేయడమే. ప్రోగ్రాము లేచినా, అది ఒక నిర్మాణాన్ని చదవబోయి ఇంకోదాన్ని చదువుతుంది. వెంటనే కూలిపోతే మీ అదృష్టం. కూలకుండా తప్పు ఫలితం ఇస్తేనే కష్టం, అందులోనూ ఇది గుప్తీకరణ లైబ్రరీ. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు చేత్తో పెట్టిన ఆ లింకు ఏ ప్యాకేజీ లెక్కలోనూ ఉండదు. రేపు అదే పేరుతో ఫైలు తెచ్చే ప్యాకేజీ వస్తే, ‘ఈ ఫైలు అప్పటికే ఉంది’ అంటూ ప్యాక్‌మన్ మొత్తం అప్‌గ్రేడ్‌నే ఆపేస్తుంది. లింకు పెట్టిన నలుగురూ ముందు దాన్ని తీసేసి, ఆ తర్వాత పూర్తి అప్‌గ్రేడ్ చేయండి.

మరి డెబియన్‌లో ఇదే అలవాటు ఎందుకు ప్రమాదం కాదు? డెబియన్‌లో ఆ అంకె ప్యాకేజీ పేరులోనే ఉంటుంది. డెబియన్ 11లో ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1’, డెబియన్ 12లో ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3’. రెండూ వేర్వేరు ప్యాకేజీలు, ఒకే మెషీన్‌లో పక్కపక్కనే ఉండగలవు. పైగా ఏ వెర్షన్ నుంచి కావాలో కూడా ప్యాకేజీలో రాసి ఉంటుంది. స్టేబుల్ విడుదలయ్యాక లైబ్రరీల పెద్ద వెర్షన్లు కదలవు, భద్రతా సవరణలూ ముఖ్యమైన లోపాల సవరణలూ మాత్రమే వస్తాయి. అందుకే జాబితాను తాజా చేసే ‘ఆప్ట్ అప్‌డేట్’ కొట్టి ఒక్కటే ఇన్‌స్టాల్ చేసినా ఏమీ కాదు. కొట్టకపోతేనే ఇబ్బంది: జాబితాలో ఉన్న పాత ఫైలు సర్వర్ నుంచి ఎప్పుడో తీసేసి ఉంటారు, ఫైలు లేదంటూ 404 వస్తుంది.

ఫెడోరాది ఇంకో దారి. అక్కడి ఆర్‌పీఎం రకం ప్యాకేజీ కట్టేటప్పుడే ఆ ప్రోగ్రాము ఏయే లైబ్రరీ పేర్లు అడుగుతుందో యంత్రమే చదివి అవసరాల జాబితాలో రాసేస్తుంది. మనిషి మరిచిపోయే వీలు తక్కువ. జాబితా గడువు దాటితే ఫెడోరా ప్యాకేజీ పనిముట్టు డీఎన్‌ఎఫ్ తనంతట తానే తెచ్చుకుంటుంది, కాబట్టి ‘ముందు తాజా చేయండి’ అన్న నా వాక్యం ఫెడోరా వాళ్లకు అసలు అవసరమే లేదు. పైగా ‘డీఎన్‌ఎఫ్ అప్‌డేట్’ అంటే జాబితా తేవడం కాదు, సిస్టమ్ మొత్తాన్నీ అప్‌గ్రేడ్ చేయడం. ‘డీఎన్‌ఎఫ్ అప్‌గ్రేడ్’కు అది మారుపేరు. ఆప్ట్ అలవాటుతో అది కొట్టి, అడిగినదానికి చదవకుండా ‘అవును’ అని, కొత్త కెర్నల్‌తో సహా అన్నీ దిగుతుంటే కంగారుపడి మధ్యలో కరెంటు తీసేసిన పాఠకుడికి చెబుతున్నాను: ప్యాకేజీలు దిగుతున్నప్పుడు ఆపినా పరవాలేదు గానీ, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఆపకూడదు. అక్కర్లేదనిపిస్తే పూర్తయ్యాక ‘డీఎన్‌ఎఫ్ హిస్టరీ’ చూసి ‘అన్‌డూ’ చేసే ప్రయత్నం చేయవచ్చు. డీఎన్‌ఎఫ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అల్పైన్‌లో ‘ఏపీకే అప్‌డేట్’ మళ్లీ ఆప్ట్ లాగే, జాబితా మాత్రమే. ఓపెన్‌సూసేలో జాబితాకు ‘జిప్పర్ రిఫ్రెష్’, అప్‌గ్రేడ్‌కు ‘జిప్పర్ అప్‌డేట్’. కానీ టంబుల్‌వీడ్ వాడితే ‘జిప్పర్ డప్’ కొట్టాలి, ఎందుకంటే అదీ ఆర్చ్ లాగా మొత్తం ఒకేసారి కదిలే రకమే. స్లాక్‌వేర్‌లోని ప్యాకేజీ పనిముట్లు డిపెండెన్సీలు (ఒకదానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) చూడవు, ఆ బాధ్యత పూర్తిగా మీదే. జెంటూ ప్రధానంగా సోర్సు నుంచి కట్టుకుంటుంది. నిక్స్‌ఓఎస్‌కి ఒక పాఠం మొత్తం కేటాయించాలి, ఇక్కడ ముట్టుకోను.

కాబట్టి ఒక డిస్ట్రో ఆదేశాన్ని ఇంకో డిస్ట్రోలోకి అనువాదం చేసేముందు ఒక్కటి అడగండి: ఈ రిపాజిటరీ మొత్తం కదులుతుందా, నిలిచి ఉంటుందా? కదిలేదైతే దానితో కలిసి కదలాలి. ఆర్చ్‌లో నేను శనివారం ఉదయం ‘-ఎస్‌వైయు’ చేసి రీబూట్ చేస్తాను. రీబూట్ ఎందుకంటే, కెర్నల్ మారితే దాని పాత మాడ్యూళ్లు (పరికరాలను నడిపే ముక్కలు) డిస్క్ మీద ఉండవు, అప్పుడు పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా కనబడకపోవచ్చు. వారం మధ్యలో ఏదైనా కావాలంటే వై లేకుండా ‘-ఎస్’ మాత్రమే కొడతాను. 404 వస్తే పూర్తి అప్‌గ్రేడ్ చేస్తాను. కొత్తవి ఏమొచ్చాయో చూడాలంటే ‘ప్యాక్‌మన్-కాంట్రిబ్’ ప్యాకేజీలోని ‘చెక్‌అప్‌డేట్స్’ ఉంది, అది జాబితాకు వేరే నకలు పెట్టుకుంటుంది, అసలుదాన్ని తాకదు. రోజూ ఆధారపడాల్సిన మెషీన్ల మీద మాత్రం నేను డెబియన్ స్టేబులే పెడతాను.

పేర్ల గురించి కూడా చాలామంది తడబడ్డారు. అపాచీ సర్వర్ డెబియన్‌లో ‘అపాచీ2’, ఫెడోరాలో ‘హెచ్‌టీటీపీడీ’, ఆర్చ్‌లో ‘అపాచీ’. ప్రోగ్రాములు కట్టేటప్పుడు కావలసిన హెడర్ ఫైళ్లు డెబియన్‌లో చివర ‘-డెవ్’ ఉన్న ప్యాకేజీలో, ఫెడోరాలో ‘-డెవెల్’లో ఉంటాయి. ఆర్చ్‌లో చాలావరకు అసలు ప్యాకేజీలోనే ఉంటాయి, అందుకే ఆర్చ్‌లో ‘-డెవ్’ వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. డెబియన్‌లో ‘బ్యాట్’ ఇన్‌స్టాల్ చేస్తే ఆదేశం ‘బ్యాట్‌క్యాట్’ అవుతుంది, ‘ఎఫ్‌డీ’ కోసం ‘ఎఫ్‌డీ-ఫైండ్’ తెచ్చుకుంటే ఆదేశం ‘ఎఫ్‌డీఫైండ్’. పేరు ఊహించకండి, ఫైలును బట్టి వెతకండి: డెబియన్‌లో ‘ఆప్ట్-ఫైల్ సెర్చ్’, ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్’, ఆర్చ్‌లో ‘ప్యాక్‌మన్ -ఎఫ్’. ఆప్ట్-ఫైల్‌కూ ప్యాక్‌మన్‌కూ ఫైళ్ల జాబితా ముందుగా తెచ్చుకోవాలి. ఆర్చ్‌లో అందుకు వాడే ‘-ఎఫ్‌వై’ ప్యాకేజీల జాబితాను కదపదు, భయం లేదు.

ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ ఈ లైబ్రరీల గొడవను తప్పించడానికే పుట్టాయి. ప్రోగ్రాము తనకు కావలసినవి వెంట తెచ్చుకుంటుంది లేదా ఉమ్మడి రన్‌టైమ్ మీద నడుస్తుంది. ఉబుంటు 22.04 నుంచి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్’ కొట్టినా వచ్చేది స్నాపే, ఇది తెలియక కంగారుపడ్డవాళ్లూ ఉన్నారు. పెద్ద డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు నేను ఫ్లాట్‌ప్యాక్ వాడతాను, టెర్మినల్ పనిముట్లకు వాడను.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. వర్చువల్ మెషీన్లలో డెబియన్, ఫెడోరా, ఆర్చ్ పెట్టుకోండి. అసలు మెషీన్ మీద చేయకండి.

మొదట, ‘డిగ్’ అనే ఆదేశం ఏ ప్యాకేజీలో ఉందో మూడింటిలోనూ ఫైలును బట్టి కనుక్కోండి. తర్వాత మూడింటిలోనూ అపాచీ ఇన్‌స్టాల్ చేసి, ఇంకేమీ చేయకుండా అది నడుస్తోందో లేదో ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’తో చూడండి. ఒక్క డిస్ట్రో మిమ్మల్ని అడగకుండానే దాన్ని మొదలుపెట్టేసి ఉంటుంది. అది ఏదో, మీ సర్వర్ మీద మీకు ఆ తీరు కావాలో వద్దో రాసుకోండి.

చివరిది ఆర్చ్‌లో. పూర్తి అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేయండి, స్నాప్‌షాట్ తీసుకోండి. యూఎస్‌ఆర్ కింద లిబ్ డైరెక్టరీలో ‘లిబ్‌ఆర్కైవ్.ఎస్‌ఓ.13’ ఉంటుంది, దాన్ని రూట్ యూజర్ హోమ్ డైరెక్టరీలోకి జరపండి. ఇక ప్యాక్‌మన్ లేవదు. ఆ ఫైలును వెనక్కి జరపడం, స్నాప్‌షాట్‌కు వెళ్లడం రెండూ నిషిద్ధం. ఇన్‌స్టలేషన్ ఐఎస్‌ఓతో బూట్ చేసి, పైన చెప్పినట్టే పార్టిషన్లన్నీ మౌంట్ చేసి, ముందు ‘ప్యాక్‌మన్ --సిస్‌రూట్ /ఎంఎన్‌టీ -క్యూకె లిబ్‌ఆర్కైవ్’ కొట్టండి. ఒక ఫైలు లేదని చూపించాలి. చూపించకపోతే మీరు మౌంట్ చేసింది వేరే పార్టిషన్. చూపిస్తే అదే సిస్‌రూట్‌తో ‘-ఎస్ లిబ్‌ఆర్కైవ్’ కొట్టి తిరిగి ఇన్‌స్టాల్ చేయండి, మళ్లీ ‘-క్యూకె’ కొట్టండి. లేని ఫైళ్లు సున్నా అని వచ్చాకే రీబూట్ చేయండి.